అంటార్కిటికాలో ఐసు ఫ్యాక్టరీ పిల్ల

ఏలూరు,
నవంబరు 20.

చిరంజీవి తేజశ్రీకి మేనత్త పాపాయమ్మ ఆశీర్వదించి రాయించే ఉత్తరం.

ఇక్కడ నేనూ, కంప్రెసరూ క్షేమం. కంప్రెసరు చూసుకునే లాల్ బాషా నడుము మాత్రం క్షేమం కాదు. నువ్వు ఆ మంచులో ఏ గోతిలోనూ పడకుండా ఉన్నావని తలుస్తాను.

ఫోను చేశావుట. కంప్రెసరు పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ చెవులివి. ఎదురుగా నిలబడి అరిస్తే సగం వినపడుతుంది. నువ్వు భూమి అడుగు నుంచి గుసగుసలాడితే ఏం వినపడుతుంది? అందుకని ఉత్తరం. నేను చెబుతూ ఉంటే లాల్ బాషా కూతురు రేహానా ఆఫీసు కంప్యూటర్లో కొట్టి పంపుతుంది. నువ్వు రాసింది కాగితం మీద తీసి నాకిస్తుంది. ఒక్క ముక్క మార్చకుండా కొట్టమన్నాను.

(తేజక్కా, ఒకటి రెండు ముక్కలు మారుస్తాను. కొట్టలేని తిట్లున్నాయి. — రేహానా)

నా కోపం ఇంకా చల్లారలేదు. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు, మేనత్తకి ఐసు ఫ్యాక్టరీ ఉండగా ఐసు చూడటానికి ఖండాలు దాటిన దాన్ని నిన్నే చూశాను. మొన్న తాడేపల్లిగూడెంలో ఐసు ఫ్యాక్టరీ ఓనర్ల మీటింగుంటే వెళ్ళాను. మా మేనకోడలు అంటార్కిటికాలో ఉందని చెబితే, ‘అక్కడ ఐసు బార్ ఎంతకమ్ముతున్నారండీ?’ అని అడిగారు. నాకు తెలియదన్నాను. పరువు పోయింది. గూడెం వీరరాఘవమ్మ వదినైతే అంటార్కిటికా కాశ్మీరుకి ఇవతలో అవతలో అడుగుతోంది. అవతలే అని చెప్పి ఊరుకున్నాను.

మీ నాన్న ఎదురుగా మనం అనుకున్న మాట గుర్తుందిగా? ఈ ఒక్క ఏడాదే. నీ పని మీ జట్టు పెద్దాయన మెచ్చుకుని వచ్చే ఏడు ఆ లోతు తవ్వకానికి రమ్మంటే వెళ్ళు, నేను అడ్డం రాను. లేదా తిన్నగా ఏలూరొచ్చి ఫ్యాక్టరీ చూసుకోవాలి. మా ఆయన కట్టిన ఫ్యాక్టరీ. పిల్లా జెల్లా లేనిదాన్ని, మోకాళ్ళు రెండూ సమ్మె చేస్తున్నాయి. నువ్వు ఓడిపోవాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. వెనకాల అనుకోవడం నాకు చేతకాదు, అందుకని మొహానే రాయిస్తున్నాను.

స్వెట్టరు విప్పకు.

ఇట్లు,
పాపాయమ్మ

తా.క. అంత మంచుకి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారని లాల్ బాషా అడగమన్నాడు.


అంటార్కిటికా, మంచు మీద గుడారం,
డిసెంబరు 3.

అత్తయ్యకు తేజశ్రీ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడి ఇంటర్నెట్టు ఫోటోలు మొయ్యలేదు గానీ తిట్లు బాగానే మోసింది.

లాల్ బాషా బాబాయికి చెప్పండి, ఇక్కడ కరెంటు బిల్లు లేదు, అమోనియా వాసనా లేదు. కంప్రెసరు లేకుండానే గడ్డ కడుతోంది. నమ్మడని తెలుసు. వీరరాఘవమ్మ పెద్దమ్మ తప్పకుండా అడుగుతుంది కాబట్టి అదీ చెబుతున్నాను, పెంగ్విన్లు లేవు. అవి సముద్రం ఒడ్డున ఉంటాయి, మేమున్నది లోపల. మన కొల్లేట్లో గూడబాతులకైనా చేపలుంటాయి, ఇక్కడ ఏ పక్షికీ ఏమీ దొరకదు. నాకే ఏమీ దొరకడం లేదు. మీరిచ్చిన ఆవకాయ రాయై కూర్చుంది. రోజూ పడుకునేటప్పుడు సీసాని బొంతలోకి తీసుకుని పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి ఒక ముక్క కదులుతోంది. మా జట్టులో హర్షిణి అని నాతోపాటు ఉండే అమ్మాయి, దానికి నేను పెంచుకున్న బిడ్డ అని పేరు పెట్టింది.

నేను చేసే పనేమిటో మీరు ఎప్పుడూ పూర్తిగా విననివ్వలేదు. ఇప్పుడు చదవక తప్పదు. ఇక్కడ పడిన మంచు కరగదు. నిరుటి మంచు మీద ఈ ఏటి మంచు, దాని మీద వచ్చే ఏటిది, అలా పొరలు. గొయ్యి తవ్వి లోపలికి దిగితే గోడ మీద పొరలు కనిపిస్తాయి. ఎండాకాలం పొర పంచదారలా పలుకులుగా ఉంటుంది, చలికాలం పొర సన్నగా, గట్టిగా. ఇంకా లోతైతే గొట్టంతో తవ్వి నిలువు కడ్డీలా పైకి తీస్తారు. అందులో వందల ఏళ్ళ మంచు ఉంటుంది. ఏ ఏడు ఎంత పడిందో చెప్పాలంటే పొర ఎత్తు కొలిస్తే చాలదు. కొత్తగా ఏకిన దూది పరుపూ, పదేళ్ళు పడుకున్న పరుపూ ఒకే ఎత్తున ఉంటే దూది ఒకటేనా? కాదుగా. అందుకని ప్రతి పొర నుంచీ ఒకే కొలత డబ్బాతో మంచు తీసి తూస్తాం. ఆ తూకం నా బాధ్యత.

ఒక చిన్న చిక్కుంది. నాకు పైపొరలు బరువొస్తున్నాయి. లీటరు లెక్కన మూడు వందల యాభై గ్రాములు రావలసిన చోట నాలుగు వందల ఇరవై వస్తోంది. సరి చేసుకుంటాను లెండి. మీరు అప్పుడే సంబరపడకండి.

ఉంటాను,
తేజ


ఏలూరు,
డిసెంబరు 12.

చిరంజీవి తేజశ్రీకి,

సంబరపడ్డాను. ఎందుకు పడకూడదు?

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆఫీసు పక్క గదికి సున్నం వేయించి ఏసీ పెట్టించాను. మైనస్సుల్లో ఉండి వచ్చేదానివి, ఏలూరు ఎండలకి ఒక్కసారిగా కరిగిపోతావని. ఐసు ఫ్యాక్టరీలో ఏసీ ఏమిటండీ అని లాల్ బాషా నవ్వాడు. కరెంటు బిల్లు లేని ఫ్యాక్టరీ సంగతి చెబితే అప్పటినుంచి నవ్వడం మానేశాడు. ఏదో దాస్తున్నారండీ అంటున్నాడు.

(మా నాన్న నిజంగానే నమ్మలేదక్కా. ఎక్కడో మోటారు ఉండి తీరాలంటున్నాడు. — రేహానా)

నాకు అర్థం కానిదొకటుంది. సరుకు బరువొస్తే ఎవరైనా ఏడుస్తారా? ఈ కొల్లేటి పక్కన చేపలు అమ్మేవాడు, ధాన్యం అమ్మేవాడు, ఎవణ్ణడిగినా తూకం పెరిగితే దేవుడికి కొబ్బరికాయ కొడతాడు. నువ్వొక్కదానివే దిగులు పడుతున్నావు. చదువు ఎక్కువైతే ఇంతే. మీ నాన్నకి కూడా ఇదే చెప్పాను. అత్తిలి నుంచి పొద్దున్నే వచ్చాడు, కోతలయ్యాయిట. ‘అక్కా, దాన్ని బెదరగొట్టకే’ అన్నాడు. మేనత్తను, బెదరగొట్టకపోతే ఇంకెందుకు?

అయినా తప్పు త్రాసులో ఉంటుంది. నూటికి తొంభై పాళ్ళు త్రాసే. చలికి బిగుసుకుపోయి ఉంటుంది. అది చూసుకున్నావా? ఎలా తూస్తున్నావో మొదటి నుంచీ చివరిదాకా వరసగా రాయి. ఊరికే తెలుసుకుందామని. నీకు సాయం చేస్తున్నాననుకోకు, నేను నీ పక్షం కాదు.

ఇక్కడ సీజను ముమ్మరంగా ఉంది. రోజూ హౌరాకి చేపల లారీలు. ఐసు నలిపే క్రషరు అరుపులకి రేహానా చెవుల్లో దూది పెట్టుకుని ఈ ఉత్తరం కొడుతోంది.

పాపాయమ్మ


అంటార్కిటికా,
డిసెంబరు 22.

అత్తయ్యకు నమస్కారాలు.

నవ్వు రావడం లేదు, అయినా మీకోసం ప్రయత్నిస్తాను.

త్రాసు సరిగ్గానే ఉందండీ. తెలిసిన బరువులు పెట్టి చూశాం. డబ్బా కొలతా సరిపోయింది. మా జట్టు పెద్ద తోమా గారు ఆయనే స్వయంగా కొలిచారు. ఆయన ఎవరి మీదా అరవరు, అదే పెద్ద బాధ. చెప్పింది విని, గడ్డం నిమురుకుని, ‘మళ్ళీ చెయ్యమ్మా’ అంటారు. మళ్ళీ చేశాను. రెండో గొయ్యి తవ్వాం, అక్కడా అంతే. వింత ఏమిటంటే అడుగునున్న గట్టి పొరలు నిరుటి లెక్కతో అచ్చంగా సరిపోతున్నాయి. మెత్తగా ఉన్న పైపొరలే బరువొస్తున్నాయి. నిరుడు ఇంకొకరు తూచినప్పుడు అలా లేదు.

ఇది నిజమైతే ఇక్కడ ఈ మధ్య మంచు ఎక్కువ పడుతోందని అర్థం. అది చిన్న మాట కాదు, లోకమంతా పట్టించుకునే మాట. తప్పయితే నా తూకం ఒక్కటీ పుస్తకంలోకి ఎక్కదు. తూకం కుదరని వాళ్ళని లోతు తవ్వకానికి తీసుకెళ్ళలేనని తోమా గారు మెల్లగా చెప్పేశారు. జనవరి ఆఖరుకి ఓడ వస్తుంది. ఆలోపు తేలాలి.

మీరు అడిగారు కాబట్టి వరసగా రాస్తున్నాను. గోతిలో నేనొక్కదాన్నే దిగుతాను, ఇద్దరికి చోటు లేదు. హర్షిణి పైన కూర్చుని నేను చెప్పిన అంకెలు రాస్తుంది. ముందు గోడని చదునుగా గీస్తాను. స్టీలు డబ్బా మూతి గోడకి ఆనించి మెల్లగా లోపలికి నొక్కుతాను. చుట్టూ కోసి డబ్బా బయటికి తీస్తాను. మెత్తటి పొరల్లో దాదాపు ప్రతిసారీ మూల విరిగి ఖాళీ వస్తుంది, అక్కడ చిటికెడు మంచు చేర్చి, పైన మూడు తట్లు తట్టి, రేకుతో సమంగా గీసి, త్రాసు మీద పెడతాను. అంతే. ఇందులో తప్పు పోవడానికి ఏముంది చెప్పండి?

పడుకున్నా కళ్ళ ముందు అంకెలే. ఇక్కడ సూర్యుడు అస్తమించడు, అందుకని అవి ఇంకా బాగా కనిపిస్తున్నాయి.

తేజ


ఏలూరు,
డిసెంబరు 30.

చిరంజీవి తేజశ్రీకి,

నీ ఉత్తరం చదివాను. వరసగా బాగా రాశావు.

నీ ఆరోగ్యం జాగ్రత్తమ్మా. వేళకి తిను. ఎక్కువ ఆలోచించకు. ఏది ఎలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుంది. ఇక్కడ అందరం నిన్నే తలుచుకుంటున్నాం.

ప్రేమతో,
అత్తయ్య

(తేజక్కా, ఇది నేను మార్చలేదు. ఒక్క ముక్క కూడా. నీ ఉత్తరం చదువుతూ ఫక్కున నవ్వారు. అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. తరవాత ఉన్నట్టుండి నోరు మూసుకున్నారు. లారీ డ్రైవరు ఆలస్యంగా వస్తే ‘పర్లేదు నాయనా’ అన్నారు. అతను భయపడి బండి కింద ఏమైనా పడిందేమోనని చూసుకున్నాడు. — రేహానా)


అంటార్కిటికా,
జనవరి 6.

అత్తయ్యా,

మీకు ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా రాయండి.

‘జాగ్రత్తమ్మా’ అన్నారు. ‘ప్రేమతో’ అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మీ నోట ఆ మాట వినలేదు. నాన్నకి మెసేజీ పెట్టాను, అక్క రాయిలా ఉందని చెప్పాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. బీపీ చూపించుకున్నారా? రేహానాని పంపి డాక్టరు గారిని పిలిపించండి.

ఇక నా సంగతి. మీరు గెలిచారు. మూడో గోతిలోనూ అదే బరువు. తోమా గారు నా భుజం తట్టి, కొందరికి చేతి పని కలిసిరాదు, బాధపడకు అన్నారు. తిట్టినా బాగుండేది. హర్షిణి నా ఎదుట నా అంకెల గురించి మాట్లాడటం మానేసింది. నిన్న గోతిలో కూర్చుని ఏడ్చాను. ఇక్కడ ఏడవడం కూడా కష్టమే, రెప్పలు అతుక్కుంటాయి.

మాట తప్పను. తిన్నగా ఏలూరొస్తాను. మీ దగ్గరే ఉంటాను, ఫ్యాక్టరీ చూసుకుంటాను. ఒక్కటే భయం. ఇన్నేళ్ళు చదివీ ఐసు గురించి నాకేమీ తెలియదని తేలిపోయింది. డబ్బాలో ఎంత మంచుందో చెప్పలేనిదాన్ని మీ ఫ్యాక్టరీలో మాత్రం ఏం చేస్తాను?

తేజ


ఏలూరు,
జనవరి 10.

ఏమే తేజశ్రీ,

ఐసు గురించి నీకేమీ తెలియదా? నా దగ్గర పెరిగినదానికా? ఎవడన్నాడా మాట? నువ్వే అన్నావా? అయితే నోరు కడుక్కో.

(ఇక్కడ మూడు వరసలు కొట్టలేదు. — రేహానా)

నా ఒంటికేమీ రాలేదు. నా బుద్ధికి వచ్చింది. విను.

ఆ మూడు తట్లు ఎవరు తట్టమన్నారే నిన్ను? నీ పుస్తకాల్లో ఉందా? మీ పెద్దాయన చెప్పాడా? నేను నేర్పాను. ఏడో తరగతి వేసవి సెలవుల్లో మీ నాన్న నిన్ను ఇక్కడ దింపి వెళితే, ప్యాకింగు షెడ్డులో ఎత్తుపీట వేసి నిలబెట్టాను. బొచ్చె చేపల మీద ఐసు పోసి, అరచేత్తో మూడు తట్లు తట్టు, మళ్ళీ ఒక వరస చేపలు పెట్టు అని. పెట్టెలో ఖాళీ ఉంటే అక్కడ గాలి చేరుతుంది, గాలి చేరిన చోట చేప హౌరా చేరేలోపు మెత్తబడుతుంది. రెండే తడితే నీ వీపు మీద మూడోది నేను తట్టేదాన్ని. పదో తరగతికొచ్చేసరికి ఈ షెడ్డులో నీలా పెట్టె సర్దేవాళ్ళు లేరు. ఇప్పుడు నీ చెయ్యి ఆ తెల్లటి మంచు కనపడగానే దాని పని అది చేస్తోంది. అన్నం కలిపేటప్పుడు చెయ్యి ఎటు తిరుగుతోందో ఎవరు చూసుకుంటారు? నువ్వూ చూసుకోలేదు. అడుగు పొరలు గట్టివి, మూల విరగవు, నువ్వు తట్టవు, అందుకే అవి సరిపోతున్నాయి. మెత్తటివి నీ చేతి కింద అణుగుతున్నాయి. అణిగిన చోట ఇంకో చిటికెడు పడుతోంది. బరువు రాకేం చేస్తుంది?

నీ ముందటి ఉత్తరంలో ఆ వాక్యం చదవగానే నాకు తెలిసిపోయింది. నవ్వాను. అంత దూరంలో, ఎవరూ లేని చోట, ఆ గోతిలో కూర్చుని మా అమ్మాయి హౌరా పెట్టె సర్దుతోందని నవ్వాను. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. నేను ఊరుకుంటే నువ్వు ఓడిపోతావు, ఓడిపోతే వచ్చేస్తావు. నేనేమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకున్నాను. నీకు ఆ తియ్యటి ఉత్తరం రాయించాను. సంతోషంగా ఉండాలిగా మరి? ముద్ద దిగలేదు. ఏసీ గదిలో కూర్చుంటే ఉక్కపోసింది. లారీ వాడితో కూడా మంచిగా మాట్లాడాను, అంత దిగజారాను.

నీ ఉత్తరం వచ్చింది. చేతి పని కలిసిరాదన్నాడుట ఆ పెద్దాయన. నా చేత్తో నేర్పిన చెయ్యి అది. కలిసిరాదా? నా ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఏలూరు రావాలి, నాకు ఇప్పటికీ అదే కావాలి. కానీ తలకాయ వేలాడేసుకుని, నాకేమీ రాదు అనుకుంటూ వచ్చే పిల్ల నాకెందుకు? అటువంటిదాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి నేనేం చూసుకోను?

వెంటనే ఆ పెద్దాయనకి చెప్పు. నా పేరు చెప్పు. గొయ్యి మళ్ళీ తవ్వు. చెయ్యి జేబులో పెట్టుకో.

పాపాయమ్మ

(తేజక్కా, ఇది కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. అందుకు కూడా తిట్టారు. — రేహానా)


అంటార్కిటికా,
జనవరి 21.

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి, లేచి నిలబడి, గుడారం కర్రకి తల కొట్టుకుని, మళ్ళీ కూర్చున్నాను. నాకు నిజంగా తెలియదండీ. నేను తడుతున్నట్టే నాకు తెలియదు. మీకు రాసినప్పుడు కూడా ఊపిరి పీల్చుకున్నాను అని రాసినట్టు రాసేశాను. అసలు మూల విరిగిందంటే ఆ డబ్బా మంచు పారబోసి పక్కన ఇంకోటి తీసుకోవాలి. చేర్చడమే తప్పు, తట్టడం దాని మీద ఇంకో తప్పు.

ఉత్తరం పట్టుకుని తోమా గారి దగ్గరికి పరిగెత్తాను. ఇక్కడ పరిగెత్తడమంటే మోకాలి లోతులో ఈదడం. ఆయనకి తెలుగు వచ్చు, తనే చదువుకుంటానన్నారు. మొదట గడ్డం నిమురుకున్నారు. తరవాత కళ్ళజోడు తీశారు. హౌరా పెట్టె దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్విన నవ్వుకి పక్క గుడారం వాళ్ళు ఏమైందోనని వచ్చారు. ఆ పూట భోజనాల దగ్గర మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించమన్నారు. తెలుగు రానివాళ్ళకి హర్షిణి చెప్పింది. రేహానా కొట్టని మూడు వరసల్లో ఏముందో తెలుసుకోవాలని అందరూ ఒకటే గొడవ.

గొయ్యి మళ్ళీ తవ్వాం. హర్షిణి నా కుడిచేతి గ్లవ్ని తాడుతో నడుముకి కట్టేసింది. ‘ఇప్పుడు తట్టు చూద్దాం’ అంది. ఎడం చేత్తో డబ్బా తీశాను. మొదటి మెత్తటి పొర, మూడు వందల నలభై ఎనిమిది. రెండోది, మూడు వందల యాభై మూడు. కింది దాకా అన్నీ నిరుటి లెక్కకి దగ్గరలోనే. అంటే ఇక్కడ మంచు అంత ఎక్కువేమీ పడటం లేదు. లోకం పట్టించుకునే మాట కాస్తా పోయింది, నా తూకం మిగిలింది. ఆ గోతిలోంచి నేను వేసిన కేక మీకు కూడా వినపడి ఉంటుంది.

ఒక్క సంగతి చెబితే మీరు తల పట్టుకుంటారు. మన షెడ్డులో గాలి పోవాలి. ఇక్కడ మాకు కావలసింది ఆ గాలేనండీ. పైన మెత్తటి మంచులో ఉన్న గాలి, మీద పడే బరువుకి మెల్లగా లోపల మూసుకుపోయి బుడగలైపోతుంది. ఎప్పుడో మన ముత్తాతల ముత్తాతలు పీల్చిన గాలి అలాగే ఉంటుంది. దానికోసమే లోతుకి వెళ్ళేది. మీరు జన్మంతా బయటికి తోసిన సరుకు కోసం మేం ఇంత దూరం వచ్చాం.

వచ్చే ఏడు లోతు తవ్వకం జట్టులో నా పేరు రాశారు. రాసి, తోమా గారు ఇంకో పని కూడా అప్పగించారు. తీసిన మంచు కడ్డీలని పెట్టెల్లో సర్ది ఓడెక్కించాలి. దారిలో కదిలితే విరుగుతాయి, చుట్టూ ఖాళీ లేకుండా మంచు కూరాలి. ‘ఆ చెయ్యి ఇక్కడ విప్పు’ అన్నారు. ఎత్తుపీట లేదు గానీ మిగతా అంతా మన షెడ్డే. నేను తడుతున్నాను, మిగతావాళ్ళు నేర్చుకుంటున్నారు. రెండే తట్టిన వాళ్ళ వీపు మీద మూడోది నేను తడుతున్నాను.

గెలిచాను అత్తయ్యా. గెలిచాక మీ మోకాళ్ళు గుర్తొస్తున్నాయి. మీరు ఊరుకుని ఉంటే నేను మీ దగ్గరికి వచ్చేసేదాన్ని, ఎందుకు ఓడిపోయానో జన్మంతా తెలిసేది కాదు. మీరు చెప్పేశారు. ఫ్యాక్టరీ ఏం చేస్తారు?

మీ
తేజ


ఏలూరు,
ఫిబ్రవరి 2.

చిరంజీవి తేజశ్రీకి,

ఈ ఉత్తరం నేనే కొడుతున్నాను. రేహానాకి తీరిక లేదు, ఎందుకో కింద చెబుతాను. ఒక్కో ముక్కకి ఒక్కో వేలు. మామూలుగా మొదట రాసే మాటలు వెతకడానికే ఓ పూట పట్టేలా ఉంది, కాబట్టి ఇక్కడ అందరూ బాగున్నారని సరిపెట్టుకో.

మళ్ళీ గూడెంలో మీటింగయింది. ఈసారి నేను లేచి నిలబడి, నా అరచెయ్యి చూపించి, ‘అంటార్కిటికా తూకం తారుమారు చేసిన చెయ్యండీ ఇది’ అన్నాను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. బార్ ఎంతకమ్ముతున్నారని ఎవరూ అడగలేదు. వీరరాఘవమ్మ వదిన చప్పట్లు కొట్టింది. అది కాశ్మీరు కాదని ఇంకా తెలియదు పాపం.

ఫ్యాక్టరీ ఏం చేస్తానని అడిగావు. నీ ఉత్తరం చేతికొచ్చిన రోజున కంప్రెసరు ఆగిపోయింది. నేను నీ మాటలు రెండోసారి, మూడోసారి చదువుకుంటూ ఏసీ గదిలో కూర్చుండిపోయాను. నాకు తెలియను కూడా తెలియదు. రేహానా కైకలూరు ఫ్యాక్టరీకి ఫోను చేసి, ఐసు తెప్పించి, వాళ్ళ నాన్నని మోటారు విప్పమని, లారీలు వేళకి పంపేసింది. అన్నీ అయ్యాక వచ్చి, ‘ఆగిపోయిందండీ, బాగయిందండీ’ అని చెప్పి కంప్యూటరు ముందు కూర్చుంది, నా ఉత్తరం కొట్టడానికి. ఆరేళ్ళుగా ఆ పిల్ల ఆఫీసులో నా ఎదురుగానే ఉంది. నేను నీ దారి చూస్తూ దాన్ని చూడలేదు. మర్నాడు లాయరు దగ్గరికి తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో సగం భాగస్తురాల్ని చేశాను. మీ నాన్న సాక్షి సంతకం పెట్టాడు, సంతోషంగానే. లాల్ బాషా కూతుర్ని ‘మేడం గారూ’ అంటున్నాడు, అది వాణ్ణి కసురుకుంటోంది.

ఓనరైన మొదటి రోజే నన్ను ప్యాకింగు షెడ్డులోకి రావద్దంది. నేల తడిగా ఉంటుంది, మోకాళ్ళు చూసుకోండి అంది. నా ఫ్యాక్టరీలో నన్నే రావద్దంటావా అని నోటికొచ్చినట్టు అరిచాను. వినపడనట్టు వెళ్ళిపోయింది. పనికొస్తుంది.

నువ్వు రావడం లేదని నాకు బాధ లేదని రాస్తే అది అబద్ధం. మొన్న షెడ్డు కడిగేసి అందరూ వెళ్ళాక కాసేపు ఏడ్చాను కూడా. ఒకసారి నీ దగ్గర దాచి చూశాను, అది నావల్ల అయ్యే పని కాదు, అందుకని ఇదీ చెప్పేస్తున్నాను. వెళ్ళు. ఎంత లోతుకి తవ్వుతారో తవ్వండి. ఆ గాలేదో దొరికితే నాకూ చెప్పు.

వేసవిలో మాత్రం ఒకసారి వచ్చి పది రోజులుండు. చిన్నప్పటి నుంచి నిన్ను ఎప్పుడు పిలిచినా షెడ్డులో పని ఉందనే పిలిచాను. ఈసారి పనేమీ లేదు. ఊరికే రా.

పాపాయమ్మ